డబ్బీ కన్నా ముందు హెడ్‌ఫోన్ చూడండి

2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ జాక్ మాయమైంది. మెల్లగా మిగతా కంపెనీలూ అదే రాస్తా పట్టాయి. అప్పటి నుంచి షౌకీన్ పిల్లల జేబుల్లో ఒక కొత్త డబ్బీ చేరింది. ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టుకునే చిన్న యాంప్లిఫయర్ అది. కీమత్ వెయ్యి రూపాయల నుంచి యాభై వేల దాకా. ఏది కొనాలని మా ఖాందాన్ పిల్లలు నన్నే అడుగుతారు. జర్నలిస్టుకి అన్నీ తెలుసని వాళ్ల గలత్‌ఫహమీ!

మా భాంజా అయితే ఈదీ పైసలన్నీ కూడబెట్టి పన్నెండు వేల డబ్బీ మీద కన్నేశాడు. "మామూ, ఇందులో 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ ఉంది" అన్నాడు. వాడి చెవుల్లో ఉన్నది పదిహేను వందల ఇయర్‌ఫోన్. వినేది క్యాసెట్ నుంచి ఎక్కించిన పాత ఖవ్వాలీలు. సీడీయే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. ఇక ఆ అంకెల కోసం పైసలు పోయడం నా నజర్‌లో ఫజూల్ ఖర్చీ.

అసలు సవాల్ హెడ్‌ఫోన్‌కి ఎంత తాఖత్ కావాలన్నదే. మామూలు ఇయర్‌ఫోన్లు 16 నుంచి 32 ఓమ్‌లు. వాటికి యాపిల్ అమ్మే చిన్న తోక లాంటి అడాప్టరే కాఫీ. (అది చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆవాజ్ తక్కువ ఇస్తుంది, చూసుకుని కొనండి.) సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటిది 300 ఓమ్‌లు. దానికి మాత్రం మంచి యాంప్లిఫయర్ వాకయీ జరూరత్. 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ పనికొచ్చేదీ ఇలాంటి చోటే. మామూలు ఇయర్‌ఫోన్‌తో దాని ఫాయిదా దాదాపు సున్నా, పైగా వేరే కేబుల్ ఖర్చు.

కీమత్ పెరిగితే ఫీచర్లు పెరుగుతాయన్నదీ గలతే. 2015లో కార్డ్ మోజో వచ్చినప్పుడు దాని కీమత్ 399 పౌండ్లు. దానికి బ్లూటూత్ లేదు, స్క్రీన్ లేదు, రంగులు మారే మూడు గోళీలే బటన్లు. పైసలన్నీ ఆవాజ్ మీదే పెట్టారు. ఫియో బీటీఆర్5 అందులో మూడో వంతు లోపే, కానీ బ్లూటూత్, స్క్రీన్, కాల్స్‌కి మైక్ అన్నీ ఉన్నాయి. బస్సులో తిరిగేవాడికి నేను రెండోదే చెప్తాను. ఇంట్లో కుర్సీలో కూర్చుని భారీ హెడ్‌ఫోన్‌తో వినేవాడి హిసాబ్ వేరు.

నేను బేఫికర్‌గా పైసలు పెట్టమనే ఫీచర్ ఒకటుంది, తక్కువ గెయిన్ స్విచ్. సున్నితమైన ఇయర్‌ఫోన్‌తో వాల్యూమ్ కాస్త కదిపితే చెవి పగిలే ఆవాజ్ రాకుండా అది ఆపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి పెట్టిన హద్దు 80 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలే. పిల్లలకి 75. తాఖత్ ఎక్కువున్న డబ్బీ ఈ హద్దుని ఇట్టే దాటేస్తుంది, అమ్మీ అబ్బాలకి తెలియను కూడా తెలియదు.

బ్యాటరీ సంగతి కూడా చూడండి. ఫోన్ నుంచే కరెంటు తీసుకునే రకం ఫోన్ చార్జింగ్‌ని తినేస్తుంది. సొంత బ్యాటరీ ఉన్న రకంలో కొన్నేళ్లకి బ్యాటరీ నీరసిస్తుంది. పదివేలు పెట్టే ముందు దాన్ని మార్చే వీలుందా అని దుకాణ్‌దార్‌ని అడగండి.