మన్యములో భూమిలెక్కలు

అనంతగిరి మండలమున తాతలనాటినుండి దున్నుచున్న కొండనేలకు నేడు సాక్ష్యము అడంగలులోని యొక గడియే. ఆ గడిని నింపినవారు కొండ యెక్కిరో, బల్లయొద్దనే కూర్చుండిరో యడుగువా రెవరు? లెక్కలన్నియు మీభూమి జాలగూటిలో నెల్లరికిని కనబడుచున్నవని యధికారులందురు. ఈ మాటను మేమొప్పుకొనము. అక్షరములెరుగని కువిభాషవానికి ఆ చూపుటయు దాచుటయు నొక్కటియే.

ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి సంక్రమించినదిగానే తలంపవలెనని 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన చెప్పుచున్నది. సాగుదారు పేరే తప్పిన లెక్కయెదుట ఆ కవచమేమి కాపాడును? బొర్రా ప్రాంతమున గనుల కౌళ్లపై సమత సంస్థ వ్యాజ్యము వేయగా, ఏజెన్సీలో ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు కౌలీయరాదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అంతటి తీర్పునకు మూలమైన నేలమీదనే రైతునకు తన లెక్క తెలియదు!

లెక్క వ్రాసినవాడే గ్రామసభలో నిలిచి ప్రతి పేరును వారి మాటలో చదివి వినిపింపవలెను. తప్పన్నవాని మాటను అచ్చటనే వ్రాసికొనవలెను. తీరిక లేదందురేమో. కూలి పోగొట్టుకొని ఆ రైతు కచేరికి ఎన్నిమార్లు దిగివచ్చుచున్నాడో లెక్కించుటకును తీరిక లేదు గాబోలు.