రాగ్‌టైమ్ అంటే రాగానికి టైమా?

"సార్, రాగ్‌టైమ్ అంటే రాగం పాడే టైమా?"

తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెబుతూ ఒకరోజు నేను పియానో గురించి మాట్లాడాను. మాటల్లో రాగ్‌టైమ్ పేరు వచ్చింది. వెంటనే ఒక అమ్మాయి లేచి ఈ ప్రశ్న వేసింది. క్లాసంతా నవ్వింది. కాని ఆ ప్రశ్నలో నవ్వవలసింది ఏమీ లేదు. చెవికి వినిపించిన మాటను బట్టి అర్థం ఊహించడం తెలివైన పనే. అయితే ఈ రాగ్‌కూ మన రాగానికీ చుట్టరికం లేదు. ఇంగ్లీషులో రాగ్ అంటే చింకిగుడ్డ. చిరుగులు పడినట్టుండే తాళం కాబట్టి దీనికి రాగ్‌టైమ్ అని పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు.

తాళం ఎలా చిరుగుతుంది? పియానో లేకుండానే చూడవచ్చు. మీ ముందున్న బల్ల చాలు.

మనసులో ఒకటి నుంచి ఎనిమిది దాకా నిదానంగా, సమానంగా లెక్కపెట్టండి. ఎనిమిది కాగానే మళ్ళీ ఒకటి. ఇప్పుడు ఒకటి, మూడు, అయిదు, ఏడు అంకెల దగ్గర ఎడమ చేత్తో బల్ల మీద కొట్టండి. మా బాలానగర్ వర్క్‌షాపుల్లో పవర్ ప్రెస్ కొట్టినట్టు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒక్కలాగే ఉండాలి. ఇది కుదిరాక కుడి చేతిని కలపండి. అది ఒకటి, నాలుగు, ఏడు అంకెల దగ్గర మాత్రమే పడాలి.

మొదట చేతులు మాట వినవు. కుడి చేయి ఎడమ చేతి వెంట పోతుంది. పది సార్లు తప్పుతుంది. పదకొండోసారి కుదిరినప్పుడు మీ ముఖం మీద చిరునవ్వు వస్తుంది. ఒకటి దగ్గర రెండు చేతులూ కలిశాయి. అయిదు దగ్గర కలుస్తాయని చెవి ఎదురు చూస్తుంది. కాని కుడి చేయి ముందే, ఎడమ చేయి పడని నాలుగు దగ్గర, దెబ్బ వేసి తప్పుకుంది. మళ్ళీ ఏడు దగ్గర రెండూ కలిశాయి. రాగ్‌టైమ్ సరదా అంతా ఈ దాగుడుమూతల్లోనే ఉంది.

మృదంగం నేర్చుకునే పిల్లలకు ఈ లెక్క కొత్త కాదు. కుడి చేతి దెబ్బలను వారు "తకిట తకిట తక" అని పలుకుతారు. మూడు, మూడు, రెండు కలిస్తే ఎనిమిది. ఎడమ చేతిది "తకధిమి తకధిమి". నాలుగు, నాలుగు కలిసినా ఎనిమిదే. కుడి చేయి చివర రెండు వేయకుండా మూళ్ళతోనే సాగితే, నాలుగు లెక్కతో మళ్ళీ ఎప్పుడు కలుస్తుంది? మూడుకూ నాలుగుకూ క.సా.గు. పన్నెండు. కాబట్టి పన్నెండు లెక్కలు పూర్తయ్యాక కలుస్తుంది. 1914లో యూడే బౌమన్ అనే అమెరికన్ అచ్చు వేయించిన 'ట్వెల్ఫ్త్ స్ట్రీట్ రాగ్' అనే రచనలో మూడేసి స్వరాల ముక్క నాలుగు లెక్క మీద తిరుగుతుంది. లెక్కల నోటుబుక్కులో ఉన్న క.సా.గు. ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

దెబ్బ తప్పించి ఎత్తుకోవడం మన సంగీతంలోనూ ఉంది. తాళం ముందు మొదలై, పాట కాస్త ఆగి ఎత్తుకుంటే దాన్ని అనాగత గ్రహం అంటారు. త్యాగరాజ కీర్తనలు చాలా ఇలాగే మొదలవుతాయి. తాళం వేస్తూ వినండి, తెలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎడమ చేయి నిలకడగా ఉంటేనే కుడి చేయి తప్పుకోవడం అందంగా ఉంటుంది. ఎడమ చేయి తడబడితే కుడి చేతిది ఆట కాదు, పొరపాటు. ప్రయోగశాలలో మనం చేసేదీ ఇదే కదా! ఒకదాన్ని మార్చకుండా ఉంచి, రెండోదాన్ని మార్చి చూస్తాం. రెండూ ఒకేసారి మారితే ఏమీ తేలదు.

ఈ సంగీతం 1890ల్లో అమెరికాలో నల్లజాతి వాద్యకారుల చేతుల్లో రూపుదిద్దుకుంది. మన పాత సినిమాల్లో పియానో అంటే పెద్దింటి హాలు గుర్తుకొస్తుంది. రాగ్‌టైమ్ పెరిగింది మాత్రం అలాంటి హాళ్ళలో కాదు, మామూలు జనం చేరే సారాయి దుకాణాల్లో, క్లబ్బుల్లో. దీన్ని రాసినవారిలో పేరెన్నికగన్న స్కాట్ జోప్లిన్ 1868 ప్రాంతంలో టెక్సాస్‌లో పుట్టాడు. తండ్రి ఒకప్పుడు బానిస. తల్లి ఇతరుల ఇళ్ళలో పనిచేసేది. ఆ ఇళ్ళలోని పియానో మీద జోప్లిన్ చిన్నప్పుడు సాధన చేశాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. జూలియస్ వైస్ అనే జర్మన్ సంగీత గురువు ఆ కుర్రవాడి ప్రతిభ చూసి పాఠాలు చెప్పాడు. 1899లో జోప్లిన్ 'మేపుల్ లీఫ్ రాగ్' అచ్చయింది. అమ్ముడైన ప్రతి కాపీకీ ఆయనకు ఒక సెంటు ముట్టేటట్లు ఒప్పందం. 1902లో 'ది ఎంటర్‌టైనర్' వచ్చింది. పేరు తెలియకపోయినా ఈ బాణీని మీలో చాలామంది వినే ఉంటారు.

కాని గౌరవం అంత సులభంగా రాలేదు. ఇది చౌకబారు సంగీతమని పెద్దలు చీదరించుకున్నారు. 1901లో అమెరికా వాద్యకారుల సంఘం తన సభ్యులు రాగ్‌టైమ్ వాయించడం మానాలని తీర్మానించింది. జోప్లిన్ 'ట్రీమోనిషా' అనే సంగీత నాటకం రాసి 1911లో సొంతంగా అచ్చు వేయించాడు. చదువుకున్న ఒక నల్లజాతి అమ్మాయి, తాయెత్తులమ్మే మంత్రగాళ్ళ నుంచి తన ఊరివారిని బయటికి తెచ్చే కథ అది. మూఢనమ్మకాలను ప్రశ్నించే మీలాంటి పాఠకులకు నచ్చే కథ. ఆయన 1917లో కన్నుమూశాడు. ఆ నాటకం పూర్తిగా రంగస్థలం ఎక్కింది 1972లో. 1973లో 'ది స్టింగ్' అనే సినిమా ఆయన బాణీలను మళ్ళీ ప్రపంచానికి వినిపించింది. 1976లో పులిట్జర్ వారు ఆయనకు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. అందుకోవడానికి మనిషి లేడు.

అమెరికా వారి తప్పు అని మనం తేలిగ్గా అనుకోనక్కరలేదు. మన దగ్గర హార్మోనియానికి ఏం జరిగిందో చూడండి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. వారి విమర్శలో కొంత సైన్సు ఉంది. హార్మోనియంలోనూ పియానోలోనూ ఒక స్థాయిని పన్నెండు మెట్లుగా విభజిస్తారు. ఒక్కొక్క మెట్టు పౌనఃపున్యం కింది మెట్టుకు సుమారు 1.0595 రెట్లు. షడ్జమం 440 హెర్ట్‌జ్ అనుకుంటే శుద్ధమైన పంచమం 660 కావాలి. ఈ మెట్ల లెక్కలో 659.26 మాత్రమే వస్తుంది. పైగా రెండు మెట్ల నడుమ స్వరాన్ని జారవిడవలేం కాబట్టి గమకం పలకదు. ఇది నిజమైన లోపమే.

అయితే ఒక వాద్యం ఏది పలకలేదో చెప్పడం వేరు, దాన్ని గడప బయట నిలబెట్టడం వేరు. రేడియోలో చోటు లేని ఆ హార్మోనియమే మన పద్యనాటకాలకు ప్రాణం పోసింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాన్ని చూడండి. ఆ కుటుంబాల కాలనీ ఒకటి శేరిలింగంపల్లిలో ఉంది. మా బాలానగర్ నుంచి హైటెక్ సిటీ దాటి వెళితే అద్దాల మేడల తర్వాత వస్తుంది. నటుడు పద్యం ఎత్తుకుంటే హార్మోనిస్టు ఆ శ్రుతిని పట్టి, రాగం సాగినంత సేపూ వెన్నంటి ఉంటాడు. అలా పద్యం వింటూ పెరిగిన తరాల వారికి సంగీతం మొదట ఆ మెట్ల నుంచే పరిచయమైంది.

అందుకే నేను చెప్పేది ఇది. ఏ సంగీతాన్నయినా ఎవరు వాయిస్తారో, ఎక్కడ వాయిస్తారో చూసి కొలవకండి. చేతులతో ప్రయత్నించి, చెవులతో విని, అప్పుడు అభిప్రాయం చెప్పండి. పరీక్షించకుండా తీర్పు చెప్పకూడదనేది సైన్సు క్లాసుకే పరిమితమైన నియమం కాదు.

రెండో మాట బడుల గురించి. పదో తరగతి వచ్చేసరికి చాలా బడుల్లో ఆట, పాట పీరియడ్లు మాయమవుతాయి. వాటిని లెక్కలకూ సైన్సుకూ ఇచ్చేస్తారు. నేనూ అలాంటి పీరియడ్లు తీసుకున్నవాడినే. సిలబస్ పూర్తయింది. కాని కిటికీలోంచి వర్క్‌షాపు చప్పుడు వింటూ, దానికి ఎదురుగా వేళ్ళతో బల్ల మీద దరువు వేస్తున్న కుర్రవాణ్ణి "చెయ్యి ఆపు" అని కసిరాను. ఆ రోజు వాడు చేస్తున్నది నేను పైన చెప్పిన ప్రయోగమే. అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పీరియడ్లు పాటకే ఉండాలని ఇప్పుడు నా అభిప్రాయం. సంగీతం నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయని నేను ఆశ పెట్టను. మార్కుల కోసం కాకుండా చేసే పని మనిషికి ఒక్కటైనా ఉండాలి. అది నేర్చుకోవడానికి బడి కంటే మంచి చోటు లేదు.

"ఫోన్‌లో యాప్ నొక్కితే ఇదంతా అదే వాయిస్తుంది కదా, మేం ఎందుకు కష్టపడాలి?" అని మీరు అడగవచ్చు. ఇదీ మంచి ప్రశ్నే. జోప్లిన్ కాలంలోనే తనంతట తాను వాయించే పియానోలు ఉండేవి. ధర్మవరం మగ్గం మీద చిల్లులున్న జకార్డ్ అట్టలు అంచు డిజైనును నడిపించినట్టు, ఆ పియానోలో చిల్లులున్న కాగితపు చుట్ట మెట్లను నడిపించేది. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ గాలి కదిలి, సుత్తి తీగను కొట్టేది. 1916లో జోప్లిన్ స్వయంగా వాయించిన చుట్టలు కూడా తయారయ్యాయి. అయినా మనుషులు పియానో నేర్చుకోవడం మానలేదు. బస్సు వచ్చిందని ఎవరూ పరుగు పందెం మానలేదు కదా! యంత్రం పాట వినిపిస్తుంది. పదకొండోసారి చేతులు కుదిరినప్పుడు వచ్చే చిరునవ్వు మాత్రం మీరు తెచ్చుకోవలసిందే.

ఎలా నేర్చుకోవాలి? ఇంట్లోనో, స్నేహితుల దగ్గరో చిన్న కీబోర్డు ఉంటే మంచిది, లేకపోతే బల్ల ఉంది. మొదటి వారం ఎడమ చేయి మాత్రమే. కింది స్వరం ఒకటి, పైన రెండు మూడు మెట్లు కలిపి ఒకటి, ఇలా మార్చి మార్చి వాయించండి. తరువాత కుడి చేయి విడిగా. ఆ తర్వాతే రెండూ కలపండి. పక్కన ఒకరు లెక్క చెబితే మరీ మంచిది. వేగం వద్దు. జోప్లిన్ తన రచనల మీద ఈ సంగీతాన్ని ఎప్పుడూ తొందరగా వాయించకూడదని అచ్చు వేయించాడు. 1908లో రాసిన అభ్యాసాల పుస్తకంలోనూ ప్రతి స్వరానికీ దాని కాలం దానికి ఇవ్వమన్నాడు.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు మళ్ళీ జవాబు చెబుతాను. రాగ్‌టైమ్ అంటే రాగం పాడే టైము కాదమ్మా. కాని వారానికి ఒక పీరియడ్ అయినా పాటకు టైము ఉండాలి. ఈసారి ఆ పీరియడ్ నేను అడగను. ఉపాధ్యాయులు అడిగితే, మీరే లేచి మర్యాదగా "ఇది మా పాట పీరియడ్ సార్" అని చెప్పండి.