నిద్రకు ముందా, నిద్ర లేచాకా?

ఇషా నమాజు ముగించుకున్న మనిషికి ముందు రెండు దార్లుంటాయి. ఓ నాలుగు రకాతుల నఫిల్, ఆపైన విత్ర్ చదివేసి నిశ్చింతగా పడుకోవచ్చు. లేదంటే విత్ర్‌ను అట్టిపెట్టుకుని, రాత్రి చివరి భాగంలో లేచి తహజ్జుద్ చదివి, ఆ విత్ర్‌తో ముగించవచ్చు. రెండూ షరీఅత్ ఒప్పుకున్నవే. ఏది ఎంచుకోవాలన్న దగ్గరే పేచీ. మసీదు మెట్ల మీద ఈ మాట వచ్చినప్పుడల్లా రెండో దారిని భక్తిపరుల దారిగా, మొదటిదాన్ని బద్ధకస్తుల దారిగా తేల్చేయడం విన్నాను. అది సరైన తీర్పు కాదని నా గట్టి నమ్మకం.

ప్రవక్త (స) ఒకసారి హజ్రత్ అబూబక్ర్‌ను, హజ్రత్ ఉమర్‌ను మీరు విత్ర్ ఎప్పుడు చదువుతారని అడిగిన సంగతి హదీసుల్లో ఉంది. అబూబక్ర్ రాత్రి మొదట్లోనే అన్నారు. ఉమర్ చివర్లో అన్నారు. మొదటివారు జాగ్రత్తను పట్టుకున్నారని, రెండోవారు బలాన్ని పట్టుకున్నారని ప్రవక్త మెచ్చుకున్నారే తప్ప, పద్ధతి మార్చుకోమని ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. జాగ్రత్త పక్షాన నిలిచింది అబూబక్ర్ అని గమనించాలి. ఆయన విశ్వాసాన్ని శంకించే ముస్లిం ఉండడు గదా.

అలాగని చివరి జాము గొప్పతనాన్ని తగ్గించి చెప్పలేం. రాత్రి చివరి మూడో వంతులో అల్లాహ్ కారుణ్యం దాసులకు మరింత దగ్గరవుతుందని, అడిగేవాడి కోసం, క్షమాపణ కోరేవాడి కోసం పిలుపు వస్తుందని బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. మేల్కొంటానన్న నమ్మకం ఉన్నవాడికి చివరి భాగమే మేలని కూడా ప్రవక్త స్పష్టంగా చెప్పారు. ముజ్జమ్మిల్ సూరా మొదటి ఆయతులు రాత్రిలో సగమో, కొంచెం అటూ ఇటుగానో నిలబడమన్నాయి. ఇల్లు సద్దుమణిగాక, చూసేవాళ్లు లేనప్పుడు చేసే సజ్దాలో ఉండే ఏకాగ్రత ఇషా తర్వాత, టీవీ చప్పుళ్ల మధ్య దొరకదు. ఆ రుచి తెలిసినవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

కానీ అదే ముజ్జమ్మిల్ సూరా చివరి ఆయతు ఆ భారాన్ని తేలిక చేసింది. ఈ రెండు ఆదేశాల మధ్య సుమారు ఏడాది గడిచిందని హజ్రత్ ఆయిషా చెప్పారు. మీలో జబ్బుపడేవారుంటారు, బతుకుతెరువు కోసం ప్రయాణించేవారుంటారు, కాబట్టి వీలైనంతే చదవండి అన్నది ఆ సడలింపు సారాంశం. పొట్టకూటి కోసం తిరిగేవాడి అలసటను ఖుర్ఆనే లెక్కలోకి తీసుకున్నప్పుడు మనం తీసుకోకపోతే ఎలా?

హైదరాబాద్ వేళల ప్రకారం చూద్దాం. మగ్రిబ్ నుంచి ఫజ్ర్ దాకా రాత్రిగా లెక్కిస్తే, జూన్‌లో చివరి మూడో వంతు సుమారు 1:10కి, డిసెంబరులో సుమారు 1:30కి మొదలవుతుంది. జూన్‌లో ఫజ్ర్ వేళ 4:20 ప్రాంతంలోనే వచ్చేస్తుంది. ఇషా ముగించి, తిని, పదకొండింటికి పడుకున్నవాడు మూడున్నరకు లేస్తే దక్కేది నాలుగున్నర గంటల నిద్ర. పొద్దున్నే ఆర్టీసీ బస్సు స్టీరింగ్ పట్టుకోవాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు, అతని వెనక యాభై ప్రాణాలుంటాయి. కరీంనగర్ నుంచో, కడప నుంచో గల్ఫ్ వెళ్లి ఒకే గదిలో పలువురితో సర్దుకునే కూలీ అలారం పెడితే తోటివారి నిద్ర కూడా పోతుంది. మసీదులో గట్టిగా ఖుర్ఆన్ చదువుతున్నవారిని, ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోవద్దని ప్రవక్త వారించారు. ఆరాధనకే ఆ హద్దు ఉంటే అలారానికి లేకుండా పోదు. ఇక ఇంట్లో అందరికన్నా చివర పడుకుని అందరికన్నా ముందు లేచే ఇల్లాలి సంగతి సరేసరి. తహజ్జుద్ ఘనత మీద ప్రసంగించే మగవాళ్లు ఆమె గిన్నెలు తోమేది ఎన్నింటికో ఒకసారి చూస్తే బాగుంటుంది.

ఇక్కడే ఇంకో ఉదంతం చెప్పాలి. ఖలీఫాగా ఉన్న ఉమర్‌కు ఒక ఉదయం ఫజ్ర్‌లో సులైమాన్ అనే వ్యక్తి కనబడలేదు. తల్లి షిఫాను అడిగితే, రాత్రంతా నమాజులో గడిపాడు, చివరికి కునుకు పట్టేసిందని ఆమె చెప్పింది. రాత్రంతా నిలబడటం కన్నా ఫజ్ర్ జమాఅత్‌కు హాజరు కావడమే తనకు ఇష్టమని ఉమర్ అన్నారు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఇది ఉంది. చివరి జాము పక్షాన నిలిచిన మనిషే ఈ మాట అన్నారు కాబట్టి నాకు దీని బరువు ఎక్కువ. ఫర్జ్‌ను మింగేసే నఫిల్ ఎంత పొడవైనా నష్టమే. హనఫీలకు విత్ర్ వాజిబ్ కూడా. లేస్తాననుకుని లేవకపోతే దాన్ని ఖజా చేయాలి.

మొదటి దారిలోనూ ప్రమాదముంది. తేలికైనది కొన్నాళ్లకు తోలుబొమ్మలాటలా కదలికగా మాత్రమే మిగిలిపోతుంది. ఒక కన్ను ఫోన్ మీద, వడివడిగా నాలుగు రకాతులు, అయిపోయిందనిపించుకోవడం. రాత్రి నమాజు చదివితే అబ్దుల్లా ఇబ్న్ ఉమర్ ఎంత మంచి మనిషి అని ప్రవక్త అన్నారని తెలిశాక, ఆ యువకుడు రాత్రుళ్లు కొద్దిగానే నిద్రపోయేవాడట. అలాంటి తపన అసలే లేకుండా జాగ్రత్త పేరు చెప్పుకోవడం అబూబక్ర్ దారి కాదు. మరోవైపు రాత్రంతా నమాజు, రోజూ ఉపవాసం అని పట్టుబట్టిన అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్‌కు, నీ దేహానికీ కళ్లకూ భార్యకూ నీ మీద హక్కుందని చెప్పి ప్రవక్త తగ్గించుకోమన్నారు. అయినా ఎక్కువే కోరుకున్న ఆయన ముసలితనంలో, ఆ రాయితీని అప్పుడే తీసుకోవాల్సిందని వాపోయారు. ఇద్దరు యువకుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

రంజాన్‌లో ఈ చిక్కు చాలావరకు ఉండదు. తరావీహ్ ఇషాతోనే అవుతుంది, సహరీకి ఎలాగూ ఇల్లంతా లేస్తుంది. మిగతా పదకొండు నెలల గురించే నా మాట. పగలు ఇతరుల చేతిలో ఉన్నవారికి, అంటే ఉద్యోగులకు, కూలీలకు, పసిపిల్లల తల్లులకు, నిద్రకు ముందు చదివే దారే తగినదని నా మొగ్గు. చేసేది కొద్దిదైనా విడవకుండా చేసేదే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమన్న హదీసు నన్ను ఇటు నడిపించింది. సెలవుకు ముందు రాత్రో, పని తగ్గిన రోజుల్లోనో చివరి జామును ప్రయత్నించాలి. లేవాలన్న సంకల్పంతో పడుకుని నిద్రకు లొంగిపోయినవాడికి కూడా ఆ పుణ్యం రాస్తారని, ఆ నిద్ర అతనికి దానమని నసాయీలో హదీసు ఉంది.

విత్ర్ చదివి పడుకున్నాక మెలకువ వచ్చేస్తే ఏం చేయాలని చాలామంది సందేహపడతారు. ఒక రాత్రిలో రెండు విత్ర్‌లు ఉండవు కాబట్టి మళ్లీ చదవక్కర్లేదు. వుజూ చేసుకుని రెండేసి రకాతుల చొప్పున ఎన్ని వీలైతే అన్ని చదువుకుని, ఫజ్ర్‌కు ముందు కాసేపు నడుం వాల్చవచ్చు.