సైకిల్ సీసాలో చక్కెర ఎవరికి?

దూరం తొక్కాలంటే ఖరీదైన ఎనర్జీ జెల్స్ కొనాల్సిందేనా? అక్కర్లేదు. ముప్పావు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 45 గ్రాముల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మచెక్క రసం కలిపితే చాలు. రెండు, మూడు గంటలు ఆగకుండా తొక్కేవారికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు అందాలి. ఈ సీసాను గంటసేపు కొద్దికొద్దిగా తాగండి. శక్తి ఎక్కువ వస్తుందని చిక్కగా కలిపితే కడుపు ఉబ్బరం, వికారం తప్పవు.

అయితే పొద్దున్నే గంటలోపు తొక్కి వచ్చేవారికి ఇది అనవసరం. మంచినీళ్లే చాలు. కాలనీలో నాలుగు రౌండ్లు వేసొచ్చిన పిల్లలకూ ఇవ్వకండి. ఇంట్లో చేసిందైనా చక్కెర చక్కెరే! మధుమేహం, బీపీ ఉన్నవారు డాక్టర్‌ని అడిగాకే తాగాలి.