పట్టినంత మాత్రాన పలుకుతుందా?

పోయిన మార్చిలో సూళ్లూరుపేట వెళ్ళాను. కోతల రోజులు. మా మామ ఒకాయన హైవే పక్కన లారీ కాటా నడుపుతారు. నేనింకా బ్యాగు కింద పెట్టకముందే ఫోను. "అబ్బయ్యా, నువ్వు కంప్యూటర్ ఇంజనీరువి గదా, ఒకసారి ఇట్ట రా. కాటా కాడ కంప్యూటరు చచ్చిపోయిందంటున్నారు."

సాఫ్ట్‌వేర్ వాడు వేరు, హార్డ్‌వేర్ వాడు వేరు అని మావాళ్ళకి ఇరవై ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాను, ఎవరికీ ఎక్కదు. వెళ్ళాను.

అది పెంటియం 3 కాలం నాటి మిషను. అందులో డాస్ మీద నడిచే కాటా ప్రోగ్రాము ఒకటే ఉంటుంది. తూకం సీరియల్ పోర్టులోంచి వస్తుంది, మనిషి బండి నంబరు కొడతాడు, డాట్ మేట్రిక్స్ ప్రింటరు కీచుమంటూ చీటీ ఇస్తుంది. ఏళ్ళ తరబడి ఇంతే పని, ఇంతకు మించి ఎవరూ అడగలేదు కూడా. ఉప్పుగాలికి కీబోర్డు పోయింది (పులికాట్ పక్కన ఊరు మరి). కొత్తది తెచ్చారు. అది యూఎస్‌బీ. కంప్యూటరు వెనకున్నదేమో గుండ్రటి పీఎస్/2 పోర్టు. దానికేముంది, అని షాపు కుర్రాడు ఊదారంగు అడాప్టరు ఒకటి అరవై రూపాయలకి ఇచ్చాడు. పెట్టారు. చక్కగా పట్టింది. ఒక్క మీటా పలకలేదు. ఇంకో అడాప్టరు, ఇంకో కీబోర్డు... అదీ అంతే. అప్పుడు కుర్రాడు తీర్పు చెప్పేశాడు. పోర్టు కాలిపోయింది, మదర్‌బోర్డు పోయినట్టే, కొత్త కంప్యూటరూ కొత్త కాటా ప్రోగ్రామూ కలిపి 45,000.

బయట ధాన్యం లారీలు బారులు తీరి ఉన్నాయి. మామ చేత్తో చీటీలు రాస్తున్నారు. చేతిరాత చీటీని మిల్లు వాళ్ళు ఒప్పుకోవట్లేదని ఒక డ్రైవరు గొడవ.

నా కోపం ఆ 45,000 మీద కాదు. అరవై రూపాయల ముక్క మీద.

ఆ అడాప్టరు లోపల ఏముందో తెలుసా? ఏమీ లేదు. నాలుగు తీగలు. కరెంటుకి రెండు, సంకేతాలకి రెండు, అటు నుంచి ఇటు. చిప్పు లేదు, తెలివి లేదు. అది ఒక భాషని ఇంకో భాషలోకి మార్చదు, రంధ్రం ఆకారాన్ని మారుస్తుంది, అంతే.

పీఎస్/2 కీబోర్డు నోరున్న మనిషి. మీట నొక్కగానే ఎవరూ అడక్కుండానే మాట్లాడేస్తుంది, తాళం కూడా తనే వేసుకుంటుంది (క్లాకు సంకేతం కీబోర్డే ఇస్తుంది). 'ఎ' నొక్కితే 1సి అంటుంది, వదిలితే ఎఫ్0 1సి అంటుంది. యూఎస్‌బీ కీబోర్డు అలా కాదు, పిలవని పేరంటానికి వెళ్ళదు. కంప్యూటరు కొన్ని మిల్లీసెకన్లకోసారి "ఏమైనా ఉందా?" అని అడిగితేనే ఎనిమిది బైట్ల చీటీ చేతిలో పెడుతుంది. అందులో 'ఎ' అంటే 04. ఇప్పుడు వీళ్ళిద్దరినీ నాలుగు తీగలతో కలిపితే ఏమవుతుంది? ఒకరు అడిగేదాకా నోరు విప్పరు, రెండోవారికి అడిగే అలవాటే లేదు. రెండు వైపులా నిశ్శబ్దం. దానికి మన కుర్రాడు పెట్టిన పేరు "పోర్టు కాలిపోయింది".

మరి ఈ ముక్కని అసలెందుకు తయారుచేశారు? దానికీ ఒక న్యాయమైన కథ ఉంది. 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో ఈ గుండ్రటి పోర్టు వచ్చింది, 1996లో యూఎస్‌బీ వచ్చింది. ఆ మార్పు కాలంలో మైక్రోసాఫ్ట్, లాజిటెక్ లాంటి వాళ్ళు కొన్ని కీబోర్డుల్లో, మౌసుల్లో రెండు భాషలూ తెలిసిన చిప్పు పెట్టి, డబ్బాలో ఈ అడాప్టరు కూడా వేసి ఇచ్చేవాళ్ళు. అంటే తెలివంతా కీబోర్డులోనే ఉంది, అడాప్టరు ఉత్త జోడు మార్చుకోవడమే. తర్వాత చాలా కీబోర్డుల్లోంచి ఆ రెండో భాష తీసేశారు. అడాప్టరు మాత్రం అనాథలా మిగిలి, విడిగా అమ్ముడుపోతూ, అన్నిటికీ మందు అన్నట్టు చెలామణీ అవుతోంది.

జనం నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1984 నాటి ఏటీ కంప్యూటర్ల లావు 5 పిన్నుల కీబోర్డుని పీఎస్/2కి తగిలించే అడాప్టరు కూడా ఉత్త తీగలే, అది శుభ్రంగా పనిచేసేది. ఎందుకంటే అక్కడ రెండు వైపులా భాష ఒకటే. ఆ అనుభవంతోనే "పడితే చాలు, పనిచేస్తుంది" అని అలవాటు పడ్డాం. పాపం కుర్రాడిని కూడా పూర్తిగా అనలేను. కానీ తయారుచేసి ప్యాకెట్ మీద "యూఎస్‌బీ నుంచి పీఎస్/2కి" అని వేసి ఊరుకున్నవాడికి మాత్రం తెలుసు కదా! "రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డుకే పనిచేస్తుంది" అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? అమ్మకాలు పోతాయి, అంతే.

ఇక మనవాళ్ళ సంగతి. ఆఫీసు స్నేహితులకి ఫోను చేస్తే ముగ్గురూ ఒకటే మాట, "ఆ డబ్బా ఇంకా ఎందుకురా, పారెయ్". ఇది ఇంజనీరు మాటా? నెట్టుకి తగలని, వైరస్సు ఎక్కడానికి దారి లేని, రోజూ పని చేసే మిషను అది. పాతబడింది నిజమే, హార్డ్ డిస్కు ఎప్పుడైనా పోవచ్చు, నేనూ ఆ సాయంత్రమే బ్యాకప్ తీసిపెట్టాను. కానీ కీబోర్డు పలకలేదని కంప్యూటరుని శ్మశానానికి పంపడం, తలుపు గొళ్ళెం ఊడిందని ఇల్లు పడగొట్టడం లాంటిది. వాడే 'పారెయ్' మనం రాసిన ప్రోగ్రాముల గురించి ఎవడైనా అంటే మనకెంత పొడుచుకొస్తుంది?

మిషను వెనక యూఎస్‌బీ పోర్టులు రెండు ఉన్నాయి, అక్కడ పెట్టినా పని చెయ్యలేదు. బయాస్‌లో యూఎస్‌బీ కీబోర్డు ఆప్షను ఆపేసి ఉంటుంది, తెలిసిందే. అది ఆన్ చెయ్యాలంటే కీబోర్డు కావాలి! తెర మీద "కీబోర్డు లేదు, ముందుకెళ్ళడానికి ఎఫ్1 నొక్కండి" అని వస్తోంది. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకి పక్కనే ఉండి ఇద్దరం ఆ ఎఫ్1 కేసి చూస్తూ కూర్చున్నాం.

రిచీ స్ట్రీట్‌కి పోదామంటే మద్రాసు లోకల్లో ఒక పూట పోతుంది. ఎప్పుడో మూసేసిన మా తమ్ముడి నెట్ సెంటరు సామాను అటక మీద ఉందని గుర్తొచ్చింది. వెతికితే ఒక పీఎస్/2 కీబోర్డు దొరికింది, సగం అక్షరాలు చెరిగిపోయి. ముందు కరెంటు ఆపి, అప్పుడు తగిలించాను (ఈ పోర్టుల్లో కరెంటు ఉండగా పీకి పెడితే బోర్డు మీది ఫ్యూజు పోవచ్చు. కుర్రాడు రెండుసార్లు అలాగే చేశాడట!). ఆన్ చెయ్యగానే మూడు దీపాలూ మిణుక్కుమన్నాయి. "కాలిపోయిన" పోర్టు కదా... బయాస్‌లోకెళ్ళి ఆ ఆప్షను మార్చాను. కొత్త కీబోర్డు యూఎస్‌బీలోనే పెట్టాం, డాస్‌లో పలికింది. ఖర్చు సున్నా.

యూఎస్‌బీ పోర్టే లేని పాత మిషన్లకి ఈ చిట్కా పనికిరాదు. వాటికి నిజమైన కన్వర్టరు కావాలి, అంటే లోపల చిప్పు ఉండి, కంప్యూటరు బదులు తనే యూఎస్‌బీ కీబోర్డుని అడిగి, ఆ జవాబుని పీఎస్/2 భాషలో చెప్పేది. 2021లో నాలుగు డాలర్లకి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డుతో చేసుకోవచ్చు, ప్రోగ్రాములు ఉచితంగానే ఉన్నాయి. పికోది 3.3 వోల్టులు, పోర్టుది 5 వోల్టులు, మధ్యలో వోల్టేజి మార్చే చిన్న ముక్క మాత్రం మర్చిపోవద్దు. విచిత్రమేమిటంటే, దీనికి ఎదురుది, పాత కీబోర్డుని కొత్త కంప్యూటరుకి కలిపే చిప్పున్న వైరు, బజార్లో తేలిగ్గా దొరుకుతుంది. పాత మిషను ఉన్నవాడికే దిక్కులేదు.

ఆ ఊదారంగు ముక్కలు రెండూ మామ నాకే ఇచ్చేశారు. వాటిని మొన్న నా దగ్గరున్న 2003 నాటి యూఎస్‌బీ కీబోర్డుకి ఒక్కొక్కటిగా తగిలించి, ఒక పాత మిషనుకి పెట్టి చూశాను. రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి.