డిఫెండర్‌కి అప్రైజల్ ఎవరు చేస్తారు?

పోయిన అప్రైజల్ మీటింగులో మా మేనేజరు అడిగాడు: "ఈ ఏడు నీ మాడ్యూల్‌లో పెద్ద ఇష్యూలేవీ రాలేదు కదా, మరి నువ్వు చేసిందేంటి?" అవి రాకుండా చూడటమే నేను చేసింది మహాప్రభో అందామనుకున్నా. అనలేదు. రేటింగు ఎప్పట్లాగే వచ్చింది. (కంపెనీ పేరు అడక్కండి, ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నా.)

ఆ రాత్రి మాదన్నపేటలో ఇంటికొచ్చి, కంచం ముందు పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో "రెడ్ ఆర్మీ" అనే డాక్యుమెంటరీ చూశాను. 2014లో వచ్చింది. వ్యాచెస్లావ్ ఫెతిసోవ్ అనే రష్యన్ ఐస్ హాకీ డిఫెండర్ కథ. మంచు అంటే ఫ్రిజ్‌లో చూడటమే తప్ప ఐస్ హాకీ గురించి నాకేమీ తెలీదు. అయినా చివరిదాకా కదల్లేదు.

ఈ ఫెతిసోవ్ ఆడింది మాస్కోలోని సీఎస్‌కేఏ క్లబ్బుకి. అది సైన్యం వాళ్ళ టీము. అంటే ఆటగాడు కాగితం మీద సైనికుడు. ఏడాదిలో ఎక్కువ భాగం ట్రైనింగ్ క్యాంపులోనే, ఇంటి మొహం చూడటమే తక్కువ. 1984లో, 1988లో ఒలింపిక్ బంగారు పతకాలు తెచ్చాడు. అమెరికా వెళ్ళి ఆడతానంటే మాత్రం పంపలేదు. న్యూజెర్సీ క్లబ్బు వాళ్ళు 1983లోనే డ్రాఫ్టులో ఎంచుకుంటే, ఆయన అక్కడ కాలు పెట్టింది 1989లో, అదీ పెద్ద పోట్లాట తర్వాత. ఆ పైన డెట్రాయిట్‌కి మారి 1997లో, 1998లో స్టాన్లీ కప్పు గెలిచాడు. 1997లో గెలిచిన ఆరు రోజులకే కారు ప్రమాదం. ఫెతిసోవ్ బతికి బయటపడ్డాడు. పక్కనున్న కాన్‌స్టాంటినోవ్ కూడా డిఫెండరే, అతను మళ్ళీ ఆడలేదు. మరుసటేడు కప్పు గెలిచినప్పుడు అతన్ని చక్రాల కుర్చీలో మంచు మీదకి తీసుకొచ్చారు. ఆ సీను దగ్గర నా అన్నం చల్లారిపోయింది.

సైన్యం టీము సంగతి నాన్నకి చెప్తే ఆయన తేలిగ్గా, "అందులో వింతేముందిరా, మన సిటీ పోలీసోళ్ళూ అంతేగా. మీ తాత వాళ్ళ మ్యాచులంటే పడిచచ్చేవాడు" అన్నారు.

నిజమే! హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీము. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన టీము. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పటి స్కూలు మాస్టారు. ఆయన పేరు 2024లో "మైదాన్" సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది. సంతోషం. కానీ నా గోల ఆయన గురించి కాదు, సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ గురించి. హైదరాబాదీ డిఫెండర్. 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్, రెండు ఒలింపిక్స్ జట్లలోనూ ఉన్నాడు.

ఇక్కడ కాస్త లెక్క చూడండి. హెల్సింకిలో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి హాఫ్‌టైమ్‌కి 0-0. రెండో సగంలో ముందు గోల్ కొట్టింది కూడా మనమే. చివరికి 4-1తో ఓడాం, అది వేరే సంగతి. మొత్తం మీద నాలుగో స్థానం.

మెల్‌బోర్న్ అనగానే అందరూ చెప్పేది నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఆస్ట్రేలియా మీద కొట్టాడు, 4-2తో గెలిచాం, కాదనను. కానీ పది గోల్సు నాలుగయ్యాయే, మిగతా ఆరు ఎక్కడికి పోయినట్టు? ఎవరో ఒకరు ఆపారు కదా! బూట్లొచ్చాయి, రహీం సాబ్ పద్ధతి వచ్చింది, గోల్‌కీపర్ ఉన్నాడు, అన్నీ ఒప్పుకుంటా. అజీజుద్దీన్, రహ్మాన్ లాంటి వెనక వరసవాళ్ళకి అందులో వాటా ఎంతో చెప్పే అంకె మాత్రం ఎక్కడా లేదు. వేసిన గోల్‌కి పేరు రాసుకుంటారు, పడని గోల్‌కి రాసుకోరు.

ఐస్ హాకీలో "ప్లస్ మైనస్" అని ఒకటుంది. నువ్వు మంచు మీద ఉండగా మీ టీము గోల్ కొడితే ప్లస్ ఒకటి, తింటే మైనస్ ఒకటి (అదనపు ఆటగాడి లెక్కలు కొన్నున్నాయి, వదిలేద్దాం). మొరటు లెక్కే, కానీ లెక్కంటూ ఉంది. అందుకే ఫెతిసోవ్ గొప్పా కాదా అని జనం ఈరోజుకీ కొట్టుకుంటున్నారు. అజీజుద్దీన్ గురించి కొట్టుకుందామన్నా చేతిలో ఏమీ లేదు. నెట్‌లో వెతికితే నాకు దొరికినవి నాలుగే నాలుగు లైన్లు. మా గల్లీలో క్రికెట్ ఆడే పిల్లల్ని అడిగా, ఒక్కడికీ తెలీదు. వాళ్ళననడం దేనికి, ముప్ఫైకి దగ్గరపడ్డ నాకే మొన్నటిదాకా తెలీదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి 2022లో ఐఎస్‌ఎల్ గెలిచినప్పుడు ఊరికి ఫుట్‌బాల్ తిరిగొచ్చిందని గంతులేశాను. 2025లో ఆ క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయింది. డబ్బున్నవాడు కొనుక్కుని తీసుకుపోగలిగేది మనదెలా అవుతుందో నాకర్థం కాదు. సిటీ పోలీస్ టీముని అలా ఎత్తుకుపోవడం కుదిరేది కాదు. ఆటగాళ్ళు మాత్రం పోయారనుకోండి. బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి, 2023లో ఆ బెంగాల్‌లోనే కన్నుమూశాడు. వాళ్ళని తప్పుపట్టను. ఫెతిసోవ్ అడిగిందీ అదే కదా, నచ్చినచోట ఆడే హక్కు.

విగ్రహాలు, రోడ్లకి పేర్లు పెట్టమని నేనడగట్లేదు. ఆ మ్యాచుల గురించి అప్పటి పేపర్లలో, ముఖ్యంగా ఉర్దూ పేపర్లలో, రాసే ఉంటారు. ఎవరు ఎవర్ని ఆపారో అందులో ఎంతో కొంత దొరుకుతుంది. ఒక్కో మ్యాచ్ తీసి డేటాబేస్‌లో ఎక్కించడం నాలాంటివాడికి శని ఆదివారాల పని. చిక్కల్లా నాకు ఉర్దూ మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు. మా పక్కింటి చాచా రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని సియాసత్ చదువుతారు. నిన్న వెళ్ళి అడిగా. కళ్ళజోడు తుడుచుకుంటూ "పాత పేపర్లు తీసుకురా బేటా, చూద్దాం" అన్నారు. పేపర్లు ఏ లైబ్రరీలో దొరుకుతాయో తెలిసినవాళ్ళుంటే కాస్త చెప్పండి. వచ్చే శనివారం నాకు ఆన్‌కాల్ లేదు.