రీస్టార్ట్‌కూ ఒక ముహూర్తం

పోయిన దసరాకు మా ఇంట్లో గొడవ చీరల గురించి కాదు, బంగారం గురించీ కాదు. సర్వర్ గురించి.

మా అమ్మాయి హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తుంది. చాలా ఆఫీసుల లెక్కలు, జీతాల పట్టీలు వాటిలోనే ఉంటాయట. సద్దుల బతుకమ్మకు వారం ముందు ఫోన్ చేసింది. "అమ్మా, ఈసారి సద్దులకు రానేమో. అప్‌డేట్లు వేసి ఆ రాత్రే సర్వర్లు రీస్టార్ట్ చేద్దామంటున్నరు. ఆఫీసులన్నీ బంద్ ఉంటయి కదా, ఎవ్వరికీ ఇబ్బంది ఉండదట."

నాకు ఒళ్లు మండింది. "ఎవ్వరికీ అంటే అందుల నువ్వు లేవా బిడ్డా? ఫోను ఆపి మళ్ల పెడితే రెండు నిమిషాల పని. దానికి పండుగ రాత్రే దొరికిందా?" అన్నాను.

అన్నానే గానీ, నాకు తెలియని పని మీద కోప్పడుతున్నానని ఆ సాయంత్రమే అర్థమైంది. మళ్లీ ఫోన్ చేసి, "అప్‌డేట్ వేసినంక మళ్ల ఆపి లేపుడెందుకు?" అని నెమ్మదిగా అడిగాను. అది చెప్పింది నేను నా వంటింటి భాషలోకి మార్చుకున్నాను. డబ్బాలో కొత్త కారం పోస్తాం. కానీ పొయ్యి మీద ఉడుకుతున్న కూరలో ఉన్నది పాత కారమే. సర్వర్లోనూ అంతే. అప్‌డేట్ వేస్తే డిస్కులో ఉన్న ఫైళ్లు మారతాయి, నడుస్తున్న ప్రోగ్రామ్ మాత్రం మెమరీలోకి ఎక్కిన పాతదే. కొన్నిటికి ఆ ఒక్క ప్రోగ్రామ్‌ను ఆపి మొదలుపెడితే సరిపోతుంది. అన్నిటికీ అడుగున ఉండే కెర్నెల్ మారితే మాత్రం మామూలుగా మిషన్ మొత్తాన్ని ఆపి లేపాల్సిందే. అప్పటిదాకా లోపం సరిదిద్దినట్టు కాగితం మీద ఉంటుంది, నిజానికి తలుపు తెరిచే ఉంటుంది.

మా మాటలన్నీ బాపు మంచం మీద కూర్చుని విన్నాడు. బాపు బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన ఫ్యాక్టరీ అది. మేమంతా దాని సైరన్ వింటూ పెరిగినవాళ్లం. క్రషింగ్ సీజన్ మొదలైందంటే మిల్లు రాత్రీ పగలూ తిరగాల్సిందే. కొట్టిన చెరుకు ఆగదు. ఆలస్యమైనకొద్దీ బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే పెద్ద రిపేర్లన్నీ ఆఫ్ సీజన్‌లో పెట్టుకునేవారు. కానీ రసం కాచే పాత్రల గొట్టాల్లో గార పేరుకుంటుంది. గార పేరుకుంటే వేడి అందదు, పని సాగదు. అది సీజన్ అయ్యేదాకా ఆగేది కాదు. నడిమధ్యలో ఆపి, కాస్టిక్ సోడా వేసి ఉడికించి కడగాల్సిందే.

బాపు ఫోను తీసుకుని మనవరాలిని మూడు ప్రశ్నలు అడిగాడు. "ఇది గార కడుగుడా, సీజన్ అయినంక చేసే ఓవర్‌హాలింగా? చెరుకు కొట్టుడు ఆపమని రైతులకు ముందుగాల చెప్పిన్రా? మళ్ల తిప్పేటప్పుడు ఫిట్టర్లు ఎంతమంది ఉంటరు?"

మూడో ప్రశ్నకు మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. సద్దుల రాత్రి సీనియర్ వాళ్ల ఊరికి పోతాడు, డేటాబేస్ చూసే అమ్మాయి వాళ్ల ఊరికి పోతుంది. మిగిలేది ఇదొక్కతే. పైగా ఆ సర్వర్లలో ఒకదాన్ని ఏడాదికి పైగా ఆపనే లేదట. అన్నాళ్లు ఆపని సర్వర్ మళ్లీ లేస్తుందో లేదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. మధ్యలో ఎవరో ఒక సెట్టింగు మార్చి ఉంటారు. నడుస్తున్నంతసేపు ఆ తప్పు బయటపడదు, లేపేటప్పుడే తెలుస్తుంది.

అప్పుడు నాకు తట్టింది. అందరూ ఖాళీగా ఉన్న రాత్రే మంచి రాత్రి అనుకోవడంలోనే పొరపాటుంది. వాడేవాళ్లు తక్కువగా ఉండాలి నిజమే. బాగుచేసేవాళ్లు కూడా లేకపోతే అది మంచి గడియ కాదు. పండుగ రాత్రి, శుక్రవారం సాయంత్రం, ముఖ్యమైన మనిషి సెలవులో ఉన్న రోజు, ఇవన్నీ పైకి అనుకూలంగా కనిపించే చెడు గడియలే.

అట్లని వాయిదా వేస్తూ పోవడమూ తప్పే. మనమంతా ఫోనులో "తరవాత" అనే బటన్ నొక్కేవాళ్లమే కదా. 2017లో ఏమైందో చూడండి. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న అప్‌డేట్ ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే వైరస్ అదే లోపంలోంచి దూరి ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ అప్‌డేట్ సరిగా వేసుకున్న కంప్యూటర్లలోకి అది ఆ దారిన రాలేకపోయింది. మధ్యలో దాదాపు రెండు నెలల టైముంది. ఇలాంటిది బాపు లెక్కలో గార. సీజన్ అయ్యేదాకా ఆగకూడదు.

తొందరకు కూడా ఉదాహరణ ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు తప్పుడు అప్‌డేట్ ఒకటి పంపింది. అది ఒకేసారి ప్రపంచమంతా వెళ్లిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర చూపి ఆగిపోయాయి. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే నీలం తెర. చాలావాటిని మనుషులు ఒక్కొక్కదాని దగ్గరికి పోయి బాగుచేయాల్సి వచ్చింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు. కొత్త పచ్చడి జాడీ మొత్తం కలపకముందు మనం ఒక గిన్నెలో కలిపి రుచి చూస్తాం. వేల మిషన్లకు పంపేవాళ్లకు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి కదా.

మా అమ్మాయి ఆ మూడు ప్రశ్నలూ తీసుకుపోయి వాళ్ల మేనేజర్‌ను అడిగింది. గార ఏదో, ఓవర్‌హాలింగ్ ఏదో విడదీశారు. బయటివాళ్లు దూరడానికి వీలున్న లోపం రెండు సర్వర్లలోనే ఉంది. వాటిని సద్దులకు రెండు రోజుల ముందే రాత్రి పదిన్నరకు పెట్టుకున్నారు. ఆఫీసులకు ముందురోజే మెసేజ్ పంపారు. డేటా అంతా కాపీ చేసి పెట్టుకుని, మొదట ఒక ఖాళీ సర్వర్ మీద చూశారు. తరవాత ఒకటి, అది కుదుటపడ్డాక రెండోది. మిగిలినవన్నీ దసరా వెళ్లాక. ఏడాదిగా ఆపని ఆ సర్వర్ అనుకున్నట్టే మొండికేసిందట. ముగ్గురు కూర్చుంటే తెల్లవారుజామున మూడింటికి లేచింది. పండుగ రాత్రి మా పిల్ల ఒక్కతే ఉంటే ఏమయ్యేదో!

ఇక బాపు రెండో ప్రశ్న, ముందుగా చెప్పడం. నాకు అన్నిటికంటే పెద్దది ఇదే. ఫ్యాక్టరీ మిల్లు ఆపే రోజు ముందే చెబితే రైతు ఆ రోజు చెరుకు కొట్టడు. చెప్పకుండా ఆపితే బండ్లు గేటు ముందు ఎండుతాయి. మా చిన్నమ్మ ఒకసారి నాట్లు మానుకుని పల్లె నుంచి ఒక ఆఫీసుకు వచ్చింది. "సర్వర్ అప్‌డేట్ అయితుంది, రేపు రా" అన్నారు. మర్నాడు మళ్లీ వచ్చింది. బస్సు ఫ్రీయే గానీ కూలి ఫ్రీ కాదు కదా. ముందురోజు తలుపు మీద ఒక కాగితం అంటించినా ఊళ్లో ఎవరో ఒకరు చూసి చెప్పేవారు.

చెప్పి ఆపిన సందర్భమూ ఉంది. 2024 డిసెంబరులో మన ధరణి పోర్టల్ డేటాబేస్‌ను అప్‌గ్రేడ్ చేయడానికి 12వ తేదీ గురువారం సాయంత్రం నుంచి 16 సోమవారం పొద్దున వరకు సేవలు ఆపుతున్నామని ప్రకటించారు. మధ్యలో రెండో శనివారం, ఆదివారం. అంటే పోయింది ఒక్క శుక్రవారం. భూమి పనుల కోసం తిరిగేవాళ్లకు ఆ ఒక్క రోజూ కష్టమే. కానీ తెలిసిన కష్టానికి మనిషి సర్దుకుంటాడు.

కాబట్టి నా మాట ఇది. రీస్టార్ట్ మానొద్దు, దాచిపెట్టొద్దు, ఒంటరి మనిషి నెత్తిన పెట్టొద్దు. రాత్రంతా కూర్చున్న పిల్లలకు మర్నాడు సెలవివ్వండి. నిద్రలేని కళ్లతో ఇంకో సర్వర్ ముట్టుకుంటే ఆ తప్పు కూడా వాళ్ల మీదే పడుతుంది. మన ఇళ్లలో కూడా అంతే. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ముందురోజు రాత్రి లాప్‌టాప్ అప్‌డేట్ చేయొద్దు, నెలల తరబడి "తరవాత" నొక్కుతూనూ పోవద్దు. వారంలో ఒక ఆదివారం పొద్దున పెట్టుకోండి, ఇంట్లో తెలిసినవాళ్లు ఉన్నప్పుడు.

ఆపడం గురించి బాపుకు ఎప్పుడూ భయం లేదు. మళ్లీ తిప్పేవాళ్లు లేకపోవడమే భయం. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. ఆగిన మిల్లు తిరగకపోతే ఊరు ఎట్లుంటుందో మాకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

సద్దుల పొద్దున మా అమ్మాయి బస్సు దిగి వచ్చి, బ్యాగు కూడా విప్పకుండా పడుకుంది. నేను వాకిట్లో తంగేడు, గునుగు పేరుస్తున్నాను. బాపు వచ్చి, "లేచిందా?" అన్నాడు.

"ఇంకా పండుకునే ఉంది" అన్నాను.

"పిల్ల కాదే, ఆ మొండి సర్వరు!"